అది కాదక్కా

మా మేనత్త తన జీవితంలో ఒక్క సంగతి కూడా జరిగింది జరిగినట్టు చెప్పిన పాపాన పోలేదు. అలాగని అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. అబద్ధమాడేవాళ్ళకు ఏదో ఒక లాభం ఉండాలి కదా. రైల్లో వచ్చిన మనిషిని బస్సులో వచ్చాడనడం వల్ల ఎవరికేం కలిసొస్తుంది? అయినా సరే, అత్త నోట్లో పడితే రైలు బస్సయ్యేది, ఎండాకాలం వానాకాలమయ్యేది, శుభ్రంగా బతికున్న దూరపు చుట్టాలు కాలం చేసేవాళ్ళు. పిల్లలం ఆవిడకు తప్పులత్త అని పేరు పెట్టాం. మొహం మీదే పిలిచేవాళ్ళం. హాయిగా పలికేది.

ఆవిడకు తగ్గ తమ్ముడు మా నాన్న. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాలకు వెళ్ళి త్రాసులు సరిచూడటం ఉద్యోగం, ఇంటికొచ్చి మనుషుల్ని సరిచూడటం కాలక్షేపం. అమ్మ "ఊరంతా కోడై కూస్తోంది" అంటే, ఊరంతా అంటే ఎవరెవరో చెప్పమనేవాడు. "క్షణంలో వస్తాను" అని వెళ్ళిన బావగారికి, తిరిగొచ్చాక మర్యాదగా గడియారం చూపించేవాడు. అలాంటి మనిషి ఎదురుగా అత్త కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ చల్లార్చుకుంటూ మొదలుపెట్టేది.

"నీ పెళ్ళిరోజున ఏం వానరా తమ్ముడూ."

"అది కాదక్కా. మే నెల. ఎండకి పెద్దవాళ్ళు సొమ్మసిల్లి పడ్డారు."

"అదే, వాన వెలిశాక ఎండ కాసింది. పైగా బస్సు ఆలస్యం."

"అది కాదక్కా. రైలు. టైముకే వచ్చింది."

"రైలా? మరి ఆ కండక్టరు చిల్లర ఇవ్వనని గొడవపడ్డాడుగా?"

ఇక్కడికి నాన్న పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. ఆ పేపరు మళ్ళీ విప్పేది సాయంత్రమే. ఈ అక్కాతమ్ముళ్ళకు వేరే తిండి అక్కర్లేదు, ఒకళ్ళ బుర్ర ఒకళ్ళు తిని బతికేస్తారు అనేది అమ్మ.

ఇంతకీ అత్త చేసిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? మందుల దుకాణంలో. డాక్టర్ల కోడిగీతలు చదివి, మాత్రలు లెక్కపెట్టి, ఏది పొద్దున ఏది రాత్రి అని చెప్పి ఇచ్చే పని. అక్క మందులిచ్చే వీధిలో జనం ఇంకా తిరుగుతున్నారంటే అది వైద్యశాస్త్రానికే అంతుచిక్కని వింత అనేవాడు నాన్న. ఆవిడ రిటైరైన రోజున యజమాని చిన్న సభ పెట్టి, ఇన్నేళ్ళలో ఆవిడ చేతి మీదుగా ఒక్క మాత్ర కూడా తప్పు పోలేదని చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. నాన్న నా వైపు వంగి, "మర్యాదస్తుడు," అన్నాడు.

ఒక ఉదయం పేపరు చదువుతూ చదువుతూ నాన్న పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ప్రాణానికి ఫరవాలేదన్నారు. కుడికాలు, కుడిచెయ్యి మెల్లమెల్లగా దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతోందని కళ్ళు చెప్పేవి. నోరు తెరిస్తే మాత్రం ఉత్త గాలి. ప్రపంచంలో ఇన్ని తప్పులుండగా, దిద్దే నోరు పడిపోయింది.

చూడవచ్చినవాళ్ళు తలా ఒక జోస్యం చెప్పారు. ఒకాయన బావమరిదికి అచ్చం ఇలాగే వచ్చి, వారం తిరక్కుండా ఉపన్యాసాలిచ్చాడట. ఇంకొకావిడ తోడికోడలికి అచ్చం ఇలాగే వచ్చి, చివరిదాకా చేతిసైగలేనట. లోకంలో ఎవరికేం వచ్చినా అచ్చం మా నాన్నకు వచ్చినట్టే వచ్చింది.

ఆ మాటలు విని విసిగి, పక్షవాతం రోగుల్ని కోలుకునేలా చేసే పెద్ద ఆస్పత్రిలో నాన్నను చేర్చాం. అక్కడ గోడ మీద నిలువెత్తు అక్షరాలతో "ప్రతి మనిషీ ప్రత్యేకం" అని రాసి ఉంది. దాని కింద వరసగా కుర్చీల్లో, ఒకే రంగు గౌన్లలో, ఒకే వైపు తల తిప్పి కూర్చున్న ప్రత్యేకమైన మనుషులు.

టై కట్టుకున్న ఒకాయన పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. వయసు, బరువు, మెదడులో దెబ్బతిన్న చోటు, అలవాట్లు అన్నీ అందులో వేస్తే, ఈ మనిషి ఎంతవరకు కోలుకుంటాడో అది ముందే చెబుతుందట. దాన్నిబట్టి అచ్చంగా ఈయన కోసమే ఒక పథకం తయారవుతుందట. అన్నీ అడిగి, చివర ఈయనకు ఇష్టమైన వ్యాపకం ఏమిటన్నాడు.

"ఎదుటివాళ్ళ తప్పులు దిద్దుతుంటారండీ," అంది అమ్మ.

ఆయన చాలాసేపు వేలితో వెతికాడు. "ఆ గడి లేదమ్మా. సంగీతం, తోటపని, నడక, పెంపుడు జంతువులు. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి చెప్పండి."

అమ్మ కళ్ళు తుడుచుకుని, నోటికొచ్చింది కదాని సంగీతం అంది. అంతే, పాట వినిపిస్తే లేచి పక్కగదిలోకి పోయే మా నాన్న చెవులకు ఇయర్‌ఫోన్లతో పొద్దస్తమానం వేణువు తగిలించారు. పక్కమంచం మీదున్న లారీ డ్రైవరు తోటపనికి దొరికాడు. ఆయన ఒళ్ళో ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. ఆయన పథకానికీ మా పథకానికీ మిగిలిన తేడా పైన రాసిన పేరొక్కటే. మొదట్లో ఆ పేర్లు కూడా తారుమారయ్యాయి. ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

కంప్యూటరు మాత్రం తన జోస్యం తాను చెప్పేసింది. మాట తిరిగొచ్చే అవకాశం తక్కువ. నెలాఖరున పెద్ద డాక్టర్లు కూర్చుని చూస్తారు. అప్పటికి మాటలో కదలిక కనిపిస్తే శిక్షణ సాగుతుంది. లేకపోతే ఆపేసి ఇంటికి పంపిస్తారు, మంచం ఇంకో ప్రత్యేకమైన మనిషికి ఇస్తారు. అంటే నాన్న మాటకు నెలాఖరు దాకానే గడువు.

మాట నేర్పే డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ నిజం చెప్పే పిల్ల. "కంప్యూటరు చెప్పింది ఇలాంటి వందమంది సంగతండీ. మీ నాన్నగారు వందమంది కాదుగా. రెండు మెదళ్ళు ఒకేలా దెబ్బతినవు, ఒకేలా తేరుకోవు. ఈయన్ని కదిలించేదేదో ఉంటుంది. నాకింకా దొరకలేదు," అంది. ఆమె రోజూ బొమ్మలు చూపించి, ఇదేమిటి అని అడిగేది. కప్పు బొమ్మ చూపిస్తే నాన్న ఆ కప్పు వంకా, ఆమె వంకా చూసి, మొహం గోడవైపు తిప్పుకునేవాడు. గ్రాము తేడా వస్తే దుకాణం మూయించిన మనిషిని పట్టుకుని కప్పు చూపించి ఇదేమిటని అడిగితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

అత్త అప్పుడు వేరే ఊళ్ళో ఉంది. కబురు ఆలస్యంగా తెలిసి సంచీ నిండా నారింజపళ్ళతో దిగింది. గది బయటే అందరం ఆవిడను చుట్టుముట్టాం. అసలే దెబ్బతిన్న బుర్ర, అయోమయంలో పడేస్తే ప్రమాదం, ఈ ఒక్కసారికి ఉన్నది ఉన్నట్టు మాట్లాడమని అమ్మ వదినగారి రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది. టై ఆయన కూడా వచ్చి, రోగికి ప్రశాంతత ముఖ్యమని చెప్పాడు. అత్త అందరికీ బుద్ధిగా తలూపింది. లోపలికెళ్ళి, నాన్న చెవుల్లోంచి వేణువు పీకేసి, కుర్చీ లాక్కుంది.

"నీ పెళ్ళిరోజున ఏం వానరా తమ్ముడూ."

అమ్మ తల పట్టుకుంది. నాన్న కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆస్పత్రిలో చేరాక ఆ కనుబొమలు పనిచేయడం అదే మొదలు.

"బస్సు బురదలో దిగబడింది. కండక్టరు నిన్ను భుజాల మీద మోసుకొచ్చాడు. మంచివాడు, పోయాడుట పాపం."

నాన్న ఎడంచెయ్యి మంచం పట్టీని గుద్దింది. మెడ నరాలు తేలాయి. ఊపిరి తీసుకున్నాడు. "కా," అన్నాడు.

అమ్మ తల మీంచి చేతులు తీసేసింది. అత్త మాత్రం వినిపించనట్టే నారింజ ఒలుస్తూ, "ఇంకా నయం, నీ బరువు తక్కువ కాబట్టి సరిపోయింది," అంది.

"కా... దు."

గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ ఆ వేణువు పెట్టె తీసుకుని గదిలోంచి బయటికి పంపించేసింది. మామూలు మాట రావలసిన దారి మూసుకుపోయినా, ఏళ్ళ తరబడి అలవాటైన మాట ఒక్కోసారి అడ్డదారిన వస్తుందట. ఆ కొస పట్టుకుని లాగితే మిగతావీ రావచ్చునట, రాకపోవచ్చునట. ఆ రోజునుంచి బొమ్మలు మానేసి అత్తను కూర్చోబెట్టింది. అత్త ఒక తప్పు చెప్పాలి. నాన్న మొదట కాదనాలి, తరవాత సరైన మాట వెతుక్కోవాలి. ఒక్క "రైలు" కోసం ఆయన చెమటలు కక్కేవాడు. అది వచ్చేదాకా అత్త బస్సు నడుపుతూనే ఉండేది. ఈ వైద్యానికి గడి లేకపోవడంతో టై ఆయన దాన్ని సంగీతం కింద రాసుకున్నాడు.

ఫలితం చూసి ఆయనకు ఉత్సాహం వచ్చింది. రోగులందరికీ తప్పులు చెప్పే పథకం పెడదామన్నాడు. లారీ డ్రైవరు దగ్గర మొదలుపెడితే, ఆయన అన్నిటికీ ఔనని తలూపి నిద్రపోయాడు. అత్త చిరాకుపడింది. "అందరికీ ఒకే మాత్ర ఇస్తే కొట్టు మూసుకోవాలి నాయనా," అని, డ్రైవరు ఒళ్ళోంచి పూలకుండీ తీసేసి, మీ ఊరికి లారీ ఏ దారిన వెళుతుందో కాస్త చెప్పమని అడిగింది. ఆయన చెయ్యి ముందు కదిలింది, కుడికో ఎడమకో తిప్పడానికి.

నెలాఖరు వచ్చింది. పెద్ద డాక్టర్లు బల్ల అవతల కూర్చున్నారు. నాన్న చక్రాల కుర్చీలో ఇవతల. కప్పు బొమ్మ చూపించారు. నాన్న గోడ చూశాడు. మీ పేరు చెప్పండన్నారు. పెదవులు వణికాయి, మాట రాలేదు. కొత్త మనుషులు, బల్ల, నిశ్శబ్దం. ఉన్న నాలుగు మాటలు కూడా ఎక్కడో దాక్కున్నాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. టై ఆయన వేలు "తక్కువ" అన్న గడి మీదికి వెళ్ళింది.

మూలన కూర్చున్న అత్త నిట్టూర్చింది. "వాడినేమీ అనకండి బాబూ. పాపం జీవితమంతా కూరగాయలమ్ముకుని బతికాడు. అదీ దొంగతూకాలతో."

నాన్న కుర్చీ చెయ్యి పట్టుకుని సగం లేచాడు.

"అది... కాదక్కా. నేను... తూనికలు. ఇన్‌స్పెక్టర్ని."

పెద్ద డాక్టరు శిక్షణ సాగించమన్నాడు. టై ఆయన ఈ వాక్యం ఏ గడిలో వేయాలని అడిగాడు.

బయట వరండాలో డాక్టరమ్మ అత్తను ఆపి, ఈ ఉపాయం మీకెలా తట్టిందండీ అని అడిగింది. అత్త చుట్టూ చూసింది. నాన్న కుర్చీ అప్పటికే మలుపు తిరిగిపోయింది.

"ఉపాయమేమిటమ్మా, పాతదే. వాడికి చిన్నప్పుడు బడికి పంపే వయసొచ్చినా మాట రాలేదు. మూగవాడే అని అందరూ తీర్పు చెప్పేశారు. ఓ రోజు నేను ఆడుకుంటూ కుక్కను చూపించి ఆవంటే, వీడికి కోపమొచ్చింది. కాదన్నాడు. మొదటి మాట. ఇక రోజూ పిల్లిని గుర్రమన్నాను, పగలును రాత్రన్నాను. దిద్దీ దిద్దీ మాటలొచ్చేశాయి."

"మరి ఆ పెళ్ళి వాన?" అన్నాను.

"వానేమిటే పిల్లా. మే నెల కదా. రైలు టైముకే వచ్చింది. మీ అమ్మ కళ్ళజోడు పెట్టెలో మర్చిపోయి, మీ నాన్న అనుకుని తన బాబాయి పక్కన నిలబడింది. ఇది మీ నాన్నకు కూడా తెలీదు. మాత్రలిచ్చే మనిషికి మతిమరుపుంటే కుదురుతుందా?"

"మాటలొచ్చాక మానేయొచ్చుగా అత్తా, ఇన్నేళ్ళూ ఎందుకు?"

"మానేస్తే వాడికేం తోస్తుంది?" అంది అత్త. ఈ సంగతి వాడితో అన్నావో నీ తాట తీస్తానని కూడా అంది. నేను అనలేదు.

ఆ తరవాత నాన్నకు చాలా మాటలు తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు. వచ్చినవి కూడా నింపాదిగా, ఒకదాని వెనక ఒకటి చేతికర్రతో నడిచినట్టు వస్తాయి. అత్త వాటి కోసం ఎంతసేపైనా కాచుకునేది. పోయిన చలికాలంలో ఆవిడే కాలం చేసింది.

పలకరించడానికి మందుల దుకాణం యజమాని వచ్చాడు. మళ్ళీ అదే మాటన్నాడు, ఆవిడ చేతి మీదుగా ఒక్క మాత్ర తప్పు పోలేదని. ఈసారి నాన్న తలూపాడు. "ఒక్కటి... కూడా... పోదు."

ఆయన వెళ్ళాక నేను నాన్న పక్కన కూర్చున్నాను. "నీకు తెలుసా?"

"ఇన్‌స్పెక్టర్ని కదమ్మా. దొంగతూకం... తెలీదా?"

"తెలిసీ రోజూ దిద్దేవాడివా?"

నాన్న అత్త కుర్చీ వంక చూశాడు. "మానేస్తే... అక్కకేం తోస్తుంది?"

తరవాత చాలా రోజులు ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. అందరికంటే తక్కువ మాట్లాడింది నేను. ఒక సాయంత్రం నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ అత్త... ఎంత... నెమ్మదస్తురాలు. ఎవరి మాటకీ... అడ్డొచ్చేది కాదు. కాఫీ... ముట్టేది కాదు."

నేను తలెత్తి చూశాను. ఆయన నోటి ఎడమ కొస మాత్రమే సరిగా నవ్వుతుంది. ఆ కొస కాస్త పైకి లేచి, నా కోసం కాచుకుని ఉంది.

"అది కాదు నాన్నా," అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.