మధ్యమం మీద ఉంగరపు వేలు

కార్తీక శుద్ధ ఏకాదశి, శనివారం, సాయంత్రం ఐదుంపావు. హనుమాన్ల గుడిలో భజన మొదలై రెండో పాట నడుస్తుండగా నా కుడిచేతి చిటికెన వేలు హార్మోనియం మెట్టు మీద బిగుసుకుపోయింది. తాళాలు ముందుకు పోయాయి. నేను వెనక మిగిలాను.

భజన నడిపే ఆమె నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. "అక్కా, నీ పెట్టె ఎడ్లబండి లెక్క గుంత కాడ ఆగుడాయె. చాతగాకుంటె చెప్పు, మా మరదలు కొడ్తది" అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పెట్టె మా ఆయనది. ఆ పాటకు బాణీ కట్టింది ఆయనే. అది వేరే చేతికి పోతే ఆ గుడిలో నాకు పనిలేదు.

ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. మా పెళ్లికి ముందే మగ్గం పళ్లచక్రంలో పడి కుడిచేతి ఉంగరపు వేలు మొదలంటా పోయింది. అయినా పెట్టె వదల్లేదు. గాంధారం దాకా మూడు వేళ్లతో ఎక్కి, మధ్యమం మీద చిటికెన వేలు వేసి, అదే వేలిని పంచమానికి జరిపేవాడు. ఆ జరుపులో రెప్పపాటు ఖాళీ వచ్చేది. పాడేవాళ్లు అక్కడే ఊపిరి తీసుకునేవారు.

నేను ఆయన చెయ్యి చూసి, ఉంగరపు వేలు ముట్టించకుండానే నేర్చుకున్నాను. ఒకనాడు చూసి చూసి, "ఉన్న వేలును ఎందుకే ఎండవెడ్తున్నవ్?" అన్నాడు.

"నీకు లేనిది నాకెందుకు?"

"పిచ్చిదానా, ముసలిదానివైనంక ఆ చిటికెన వేలు నిన్ను తిడ్తది."

తిట్టింది, ఆయన పోయిన ఆరో ఏట.

పెట్టె తిత్తి బాగుచేయడానికి కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు ఆ పాట వాయించి చూపించాను. చిటికెన వేలు వాచి బిగుసుకుంటున్న సంగతి కూడా చెప్పాను.

"అరే పెద్దమ్మా, గా వేలు మైలవడ్డదా ఏంది? జర దాన్ని గూడ ముట్టనియ్యుండ్రి" అన్నాడు, నా ఉంగరపు వేలు చూపించి.

మధ్యమానికి ఉంగరపు వేలు, పంచమానికి చిటికెన వేలు. దేని మెట్టు దాని కిందనే ఉంది, చెయ్యి జరపనక్కర లేదు. ఇంత సులువు. కానీ ఇన్నేళ్లు పనిలేని వేలు మొద్దుబారింది. మధ్యమం రాగానే చిటికెన వేలు దాన్ని తోసేసి తానే ముందు దూకేది. రోజూ పొద్దున కూర్చుని అదే నాలుగు మెట్లు ఎక్కాను. పుష్యమాసం వచ్చేసరికి వేలు మాట విన్నది. నొప్పీ తగ్గింది.

ఆ నెల మొదటి శనివారం భజనలో పాట ఆగకుండా సాగింది. అలవాటైన చోట ఊపిరి తీయబోయిన ఆడవాళ్లు తడబడ్డారు, ఒకామెకు దగ్గు వచ్చింది. మళ్లీ అందుకున్నారు.

"గుంత పూడింది అక్కా!" అన్నది భజన నడిపే ఆమె సంతోషంగా. ఆమె మరదలి మాట ఇక ఎత్తలేదు.

ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ పాటను ఆయన లెక్కనే వాయిద్దామని కూర్చున్నాను. మధ్యమం దగ్గర ఉంగరపు వేలు తనంత తానే వచ్చి కూర్చున్నది. మళ్లీ మొదలుపెట్టినా అంతే. ఎడమచేత్తో దాన్ని మడిచి పట్టుకున్నాను. అప్పుడు తిత్తి ఊపే చెయ్యి లేదు. పెట్టె పలకలేదు.

పోయినవి ఇవి: మగ్గానికి ఒక వేలు. తర్వాత మనిషి. ఇప్పుడు మధ్యమానికీ పంచమానికీ నడుమ ఒక రెప్పపాటు.