చెవి వెనుక చుక్క

నాకు పెళ్లయిన కొత్తలో, యాభైల మొదట్లో, అమలాపురం పశువుల ప్రదర్శనలో కుక్కల పోటీ కూడా పెట్టారు. మావారు ప్రాణంగా పెంచిన తెల్ల పొమరేనియన్ ముత్యాన్ని తీసుకుని రాజోలు నుంచి పడవలో బయలుదేరాం.

"ఇంత తెలుపేంటండీ!" అని పడవలో ఎవరన్నా, "ఆయ్, మూడు తరాలుగా ఒక్క మచ్చ లేని జాతండి" అని మావారు మురిసిపోయేవారు. అందరూ దాన్నలా కళ్లప్పగించి చూస్తుంటే నాకు ఉండబట్టలేదు. ఆయన అటు తిరగగానే నా కంటి కాటుక వేలితో తీసి దాని చెవి వెనుక దిష్టిచుక్క పెట్టేశాను.

పోటీలో పశువుల డాక్టరుగారు ముత్యం ఒళ్లంతా నిమిరి, చెవి మడిచి ఆగిపోయారు.

"మచ్చ లేదన్నారు. మరి ఇదేంటండీ?"

మావారి ముఖం పాలిపోయింది. "ఒట్టండి, నిన్నటిదాకా లేదండి!"

జనం గొల్లుమన్నారు. "అబద్ధాలకోరు" అన్నారెవరో. ఇక ఆగలేక ముందుకెళ్లాను.

"అది మచ్చ కాదండీ, దిష్టిచుక్క. నేనే పెట్టేనండి."

మావారు గబగబా ఉత్తరీయంతో తుడిచారు. ఆముదం కాటుక కదా, చెవంతా పులుముకుంది.

"రంగు పూసిన కుక్కని పోటీకి తీసుకోకూడదమ్మా" అన్నారు డాక్టరుగారు నవ్వాపుకుంటూ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుగు పడవలో మావారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. రేవులో దిగగానే తెలిసినవాళ్లు చుట్టుముట్టి, "ప్రైజొచ్చిందాండీ?" అని అడిగారు. ఆయన ఉత్తరీయాన్ని మసి కనబడకుండా మడుచుకుని, "కుక్కకి ఎండదెబ్బ తగిలిందండి, పోటీలో దింపలేదు" అన్నారు.

నిజం చెప్పి అబద్ధాలకోరనిపించుకున్న మనిషి, నా పరువు కోసం నిజంగానే అబద్ధమాడారు. నాలుగు తిట్టి ఉంటే ఇంత సిగ్గు మిగిలేది కాదు.