పైడమ్మ దీదీ చేతి కొలత

నిన్న పొద్దున్న షట్టర్ ఎత్తగానే పులిసిన గోధుమపిండి వాసన గుప్పుమంది. నా షాపు భిలాయిలో రిసాలి మార్కెట్లో ఉంది. వీడియో గేములు ఆడేవాళ్ళ కంట్రోలర్లకీ, చేతుల్లో పట్టుకుని ఆడే చిన్న గేమ్ మెషీన్లకీ ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళకి తోలు గ్రిప్పులు చేసిస్తాను. మొన్న సాయంత్రం ఉతై నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని కొలత కోసం పిడికిట్లో నొక్కి ఇచ్చిన పిండిముద్దని మూత పెట్టకుండా బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయాను. భిలాయి ఎండల సంగతి తెలిసిందే కదా, రాత్రికి రాత్రే అది పొంగి ఆవిడ వేళ్ళ గుర్తులన్నీ పూడిపోయాయి. పని పాడైనందుకు నన్ను నేను తిట్టుకోవాలి. తిట్టుకోలేదు సరికదా, స్టూలు మీద కూలబడి ఆ వాసన పీలుస్తూ చాలాసేపు ఉండిపోయాను. పైడమ్మ దీదీ షాపులో ఎప్పుడూ ఇదే వాసన. ఆవిడ పోయాక ఈ వాసన తగిలితే ఏడుపొస్తుందేమో అనుకునేదాన్ని. రాలేదు. గర్వమొచ్చింది, అదీ మామూలు గర్వం కాదు. అందుకే ఆవిడని ఎన్నడూ చూడని మీకు ఆవిడ గురించి చెప్పాలని కూర్చున్నాను.

విజయనగరం దగ్గరి పల్లెటూరి నుంచి పెళ్ళయి భిలాయిలోని రుఆబాంధా వీధికి వచ్చింది పైడమ్మ. ఇక్కడి ఉక్కు ప్లాంటు కాంట్రాక్టర్లకి తోలు గ్లవ్స్ కుట్టేది. చిన్నా పెద్దా తేడా లేకుండా వీధి మొత్తానికి ఆవిడ దీదీ, అంటే అక్క. ఆవిడ భర్త అప్పారావుగారు మాత్రం అందరికీ బాబాయి. దీదీ మొగుడు బాబాయెలా అయ్యాడని నన్నడక్కండి, మా ఊళ్ళో వరసలు అలాగే ఉంటాయి. కొన్నాళ్ళకి ఫ్యాక్టరీలో తయారైన గ్లవ్స్ వచ్చి దీదీ పని తగ్గిపోయింది. అప్పుడావిడ షాపులో ముందు సగం ఒక గేమ్ పార్లర్‌వాడికి అద్దెకిచ్చి, వెనక సగంలో కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంది. చేతిలో పని లేకపోతే కళ్ళకైనా పని పెట్టే మనిషి కాబట్టి, ఆడేవాళ్ళ చేతులకేసి చూడడం మొదలుపెట్టింది.

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. ఆ పార్లర్లో ఆడపిల్లంటే నేనొక్కదాన్నే. ఫుట్‌బాల్ గేమ్ బాగా ఆడేదాన్ని కానీ, ఆట సగానికి వచ్చేసరికి బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్టుండేది. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని చెయ్యి విదుల్చుకుంటూంటే పక్కనున్న వెధవలు నవ్వేవాళ్ళు, నీ చేతులు చిన్నవి, నీకెందుకీ ఆట అని. నేనూ నిజమే కాబోలనుకునేదాన్ని. ఒకరోజు వెనకాల మిషను చప్పుడు ఆగింది. దీదీ కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తోంది.

"ఏటే పిల్లా, ఆడుకోడానికొచ్చావా, సేతులు దులుపుకోడానికొచ్చావా?"

"నా చేతులు చిన్నవి దీదీ."

"సిన్నవైతే? సెప్పు కరిస్తే కాలు కోసీసుకుంటావేటి? ఇటు రా."

మధ్యాహ్నం రొట్టెలకని కలిపి తెచ్చుకున్న పిండిలోంచి ఒక ముద్ద తీసి నా చేతిలో పెట్టింది. కంట్రోలర్ పట్టుకున్నట్టు పట్టుకోమంది. వట్టినే పట్టుకుంటే ఒప్పుకోలేదు, గోల్ కొట్టబోతున్నట్టు పట్టుకోమని కసిరింది. పట్టుకుని ఇచ్చాను. ఆ ముద్దని వెలుతురుకి తిప్పి చూసి, "సూడు, నీ సిటికినేలు ముద్రే నేదు. అది కాళీగా ఊరేగతంది. దాని మోత కూడా బొటనేలే మోస్తంది. బొటనేలు ఆడాల, మొయ్యకూడదు" అంది. వారం తిరక్కుండా కంట్రోలర్ రెండు కొమ్ముల కిందా మెత్తటి తోలు బొడిపెలు కుట్టి ఇచ్చింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వాటి మీద సర్దుకుని కూర్చున్నాయి, బరువంతా అవే చూసుకున్నాయి. ఆ రోజు ఆట మొత్తం ఆడేసి, ఇంటికి నడుస్తూంటే గుర్తొచ్చింది నాకు, అరె, నొప్పి రాలేదే అని. మర్నాడు వెళ్ళి ఈ పని నేర్పమని అడిగాను. "నేర్పను. కూకుని సూడు" అంది.

కూకుని చూడడమంటే ఊరికే కాదు. నా కుట్టు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పేది కాదు. బ్లేడు పెట్టి పరపరా కోసేసి, ఆ గ్రిప్పు నా చేతికే ఇచ్చి, ఎక్కడ గుచ్చుకుంటోందో నేనే కనుక్కునేదాకా పట్టుకోమనేది. విసుగొచ్చి ఒకసారి అనేశాను, ఆటలాడుకునేవాళ్ళ కోసం ఇంత అవసరమా దీదీ అని. ఆవిడకి కోపం వచ్చేసింది. "ప్లాంటులో గ్లవ్ అడ్డవైతే మనిసేటి సేస్తాడు? ఇప్పీసి పక్కన పెడతాడు. పెడితే సెయ్యి కాల్తాది. సెయ్యి హాయిగా ఉండడం సోకనుకున్నావా? అదీ పనిలో బాగవే" అంది. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు.

ఒకసారి రాయ్‌పూర్ నుంచి గేమింగ్ కేఫ్ యజమాని ఒకాయన వచ్చాడు. తన దగ్గరున్న కంట్రోలర్లన్నిటికీ ఒకే సైజులో గ్రిప్పులు చేసిమ్మన్నాడు. పెద్ద పని అని నా మొహం వెలిగిపోయింది. దీదీ మిషను మీంచి తల కూడా ఎత్తలేదు. "భయ్యా, ఆర్డర్ నహీ, హాథ్ లేకే ఆవో" అంది. ఆర్డరు కాదు నాయనా, చేతులు తీసుకురా అని. ఆయన గొణుక్కుంటూ కారెక్కాడు. నెల తిరక్కుండా తన కేఫ్‌లో రోజూ ఆడేవాళ్ళని వ్యానులో ఎక్కించుకుని వచ్చాడు. బాబాయి గచ్చు మీద కూర్చుని చెమటలు కక్కుతూ పిండి కలిపాడు. కొలతలు తీసుకున్నాక ఆ ముద్దలన్నీ మామూలుగానే వీధిలో ఆవులకి వెళ్ళిపోయాయి. మా షాపు ముందు ఆవులెప్పుడూ వరస కట్టి ఉండేవి లెండి.

తర్వాత పార్లర్ మూతపడింది. పార్లర్‌వాడు వెళ్తూ వెళ్తూ ఒక పాత టీవీ, గేమ్ మెషీనూ దీదీకి ఇచ్చిపోయాడు. అన్నాలయ్యాక దీదీ, బాబాయి కార్ల పందెం ఆడేవాళ్ళు. బాబాయి ప్లాంటులో కరిగిన ఇనుము మోసే బండ్లని లాగే రైలింజను నడిపి రిటైరైనవాడు. గేములో కూడా ప్రతి మలుపులోనూ కారు నెమ్మది చేసేవాడు. "ఏటి సేస్తానే, ఒలికిపోద్దేమోనని బయం" అనేవాడు. దీదీ గోడలకి గుద్దుకుంటూ దూసుకుపోయేది. ఒకరోజు ఈవిడ గెలిస్తే, ఒకరోజు ఆయన. అరుపులు పక్కవీధి దాకా వినిపించేవి.

అలాంటి దీదీకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, ఎడమచేతి వేళ్ళు మాత్రం సగమే వచ్చాయి. కత్తెర నా చేతిలో పెట్టి, "నువ్వు కుట్టు, నాను తిడతాను" అంది. దానికేం పెద్దగా బాధపడలేదు. పందెం దగ్గరే వచ్చింది చిక్కు. ఎడమ బొటనవేలితో కారు తిప్పాలి, ఆ వేలు సరిగ్గా లేవదు. ఆవిడ కారు గోడ పట్టుకుని పాకుతూంటే చూడలేక, బాబాయి తన కారు ఆపేయడం మొదలుపెట్టాడు.

"మలుపులో ఆగిపోనావేటి?"

"బ్రేకు పట్టీసిందే."

"గేములో బ్రేకు పట్టీడవేటి! నాకు కళ్ళు కూడా పోనాయనుకున్నావా?" అని కంట్రోలర్ మంచం మీదకి విసిరేసింది. ఆ సాయంత్రం టీవీని గోడవైపు తిప్పేసింది. అప్పట్నించీ అన్నాలయ్యాక రోడ్డుకేసి చూస్తూ కూర్చునేది, పలకరించినా ఊఁ అనేది అంతే. కుట్టు ఆగిపోయినప్పుడు కూడా ఆవిడ అలా అయిపోలేదు. దీదీ మళ్ళీ నిజంగా ఆడాలి, ఎవరి దయా లేకుండా ఆడాలి. అది నా వల్ల కాకపోతే నేను నేర్చుకున్నదంతా దండగే అనుకున్నాను.

పిండి కలిపి ఆవిడ ఎడమచేతిలో పెట్టాను. వేళ్ళు మూసుకోవడం లేదు. మనసు ఆగక, నా చెయ్యి పైన వేసి మెల్లగా మూయించాను. ముద్ర ఎంత చక్కగా వచ్చిందో! దాన్నిబట్టి మేకతోలుతో గ్రిప్పు కుట్టి పట్టుకెళ్ళాను. దీదీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదెవరి సెయ్యే?"

"నీదే దీదీ."

"నా సెయ్యి ఇంత అందంగా మూసుకుంటాదేటి? నువ్వు నొక్కీసేవు. ఇది నీ సెయ్యి. మీ బాబాయి ఆటలో సేసిందే నువ్వు పిండిలో సేసేవు."

కొత్త ముద్ద పెట్టమంది, నన్ను దూరంగా నిలబడమంది. "ఇది కూడా కుదరకపోతే టీవీ ఎవరికైనా ఇచ్చీమని సెప్పు మీ బాబాయికి" అంది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పళ్ళబిగువున నొక్కుతూంటే నుదుటి మీద చెమట పట్టింది. బాబాయి చూడలేక బయటికి వెళ్ళిపోయాడు. చివరికి నా చేతికొచ్చిన ముద్దలో మణికట్టు దగ్గరి అరచేతి మొదలు లోతుగా దిగింది, నడిమివేలిది ఒక గీత, బొటనవేలిది తాకీ తాకనట్టు చిన్న గుంట. ఇంకోసారి చేద్దామా అని అడిగాను. "ఎందుకు? ఉన్నదిదే. దీనికే కుట్టు" అంది.

ఆ ముద్దని ఎదురుగా పెట్టుకుని రోజులకి రోజులు పనిచేశాను. బరువంతా అరచేతి మొదలు మీదకి తెచ్చాను. వేళ్ళు పట్టుకోనవసరం లేకుండా చేతి వెనకనుంచి తోలు పట్టీ వేశాను. కంట్రోలర్ మీద కారు తిప్పే పుల్లని పొడుగు చేసి, మీద వెడల్పుగా గుంట ఉన్న టోపీ పెట్టాను. బొటనవేలు అందులో ఊరికే పడుకుంటుంది, మణికట్టు కదిలిస్తే కారు తిరుగుతుంది. పాడుచేసిన తోలు చూస్తే పాత దీదీ అయితే నన్ను షాపులోంచి గెంటేసేది.

టీవీని మళ్ళీ ఇటు తిప్పి, ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. దీదీ పట్టీలో చెయ్యి దూర్చి, బాబాయి వైపు తిరిగి, "ఒట్టెయ్" అంది. "కారు ఆపనే, ఒట్టు" అన్నాడాయన. పందెం మొదలైంది. మొదటి మలుపులో దీదీ కారు గోడని రాసుకుంది. రెండో మలుపు తిరిగింది. మూడోది శుభ్రంగా తిరిగింది. నాలుగో మలుపుకి ఆవిడ నోట్లోంచి పాత బూతులు రావడం మొదలైంది, నాకు ప్రాణం లేచొచ్చింది. బాబాయిని దాటేసింది. ఆయన మొహం ఎర్రబడింది, ముందుకి వంగి కూర్చున్నాడు. ఆఖరి మలుపు దగ్గర నెమ్మది చేస్తే చాలు, గెలుపు దీదీదే. చెయ్యలేదు. దూకుడుగా పోయి గోడకి కొట్టేసింది. బాబాయి తన అలవాటు ప్రకారం నింపాదిగా మలుపు తిరిగి గీత దాటేశాడు. దాటాక గానీ ఏం చేశాడో ఆయనకి అర్థం కాలేదు. భయంభయంగా ఆవిడకేసి చూశాడు.

"ఓడిపోనానే!" అని అరిచింది దీదీ. పట్టీ కట్టిన చెయ్యి గాల్లోకెత్తి, నన్ను చూసి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూంటే పకపకా నవ్వుతోంది. "సూసేవా? తొందరపడి ఓడిపోనాను! ముసిలోడు నిజంగా ఓడించీసాడే నన్ను! ఇంకో ఆట పెట్టు!"

ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ పందేలు ఆగలేదు. ఆవిడ చేత మెప్పించుకోవాలని ఏళ్ళ తరబడి తాపత్రయపడ్డాను గానీ, ఆ అరుపు విన్నాక నాకింకే మెప్పూ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మా షాపుకి రకరకాలవాళ్ళు వస్తారు. గెలిచామని చెప్పడానికి మిఠాయి పట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు, సంతోషమే. కానీ మొన్నామధ్య ఒకాయన, చేతి కీళ్ళు వాచిపోయి ఆట మానుకుని కూర్చున్న మనిషి, కొత్త గ్రిప్పుతో పోటీకి వెళ్ళొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందని అడిగాను. "హార్ గయా దీదీ. గల్తీ మేరీ థీ" అన్నాడు, ఓడిపోయానని, తప్పు చేతిది కాదు, తనదేనని. అంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద నిలవలేదు.