నమ్మిన సాక్షి

ధర్మవరంలో నేతగాడి బతుకంతా సావుకారి నమ్మకం మీదే. ఆయన పట్టు, జరీ ఇస్తేనే మన మగ్గం ఆడుతుంది. అలాంటి ఊళ్లో, మా నాయన మంచి జరీ కాజేసి చీరల్లో నకిలీది నేస్తాడని పేరు పెట్టి మరీ కరపత్రం అచ్చు వేయించి, బజారంతా పంచాడు ఒక సావుకారి. నాయన మీద అతనికి పాత కక్ష. ఎనభైల మొదట్లో సంగతి ఇది. చూస్తుండగానే మా మగ్గం ఆగిపోయింది.

నాయన మిగతా సావుకార్లందరి దగ్గరికీ తిరిగాడు. "ఛీ, నీ గురించి అట్లాంటివి నమ్ముతామా అన్నా!" అనేవారు. పట్టు మాత్రం ఇచ్చేవారు కాదు. ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ముఖం మీద తిట్టినా బాగుండేది.

చివరికి నాయన, అమ్మ, నేను అనంతపురం పోయి వకీలును కలిశాం. ఆయన కరపత్రం చదివి పక్కన పెట్టాడు.

"ఇది పరువు నష్టం కేసే. రాసిందంతా నిజమని వాడంటే, వాడే రుజువు చేసుకోవల్ల. కానీ మనకొక సాక్షి కావల్ల. ఈ కాగితం చదివినంక నీ మీద గౌరవం పోయిందని చెప్పే మనిషి."

"అందరూ నమ్మలేదనే అంటాండారు సార్," అన్నాడు నాయన.

"ఎవరూ నమ్మకపోతే నీ పరువు యాడ పోయినట్లప్పా?"

నాయన కరపత్రం తీసుకుని లేవబోయాడు. ఉత్త చేతులతో బయటికొస్తే ఆ కాగితమే నిజమై కూర్చుంటుంది. ఇక మాకు పట్టిచ్చే వాళ్లుండరు.

అమ్మ కొంగు సవరించుకుంది. "నేను చదివినా సార్. నమ్మినా."

నాయన తల తిప్పి చూశాడు.

"ఈయన సంగటి తింటాండంగా లోపలికి పోయి జరీ పెట్టె తీసి చూసినా. జరీ చుట్టిన కండెలన్నీ ఉండాయి. అయినా అంతవరకూ నమ్మినా గదా."

వకీలు ముఖం విప్పారింది. "ఇంకేం కావల్లమ్మా!"

బోనులో నిలబడి, ఊరి సావుకార్లు వింటుండగా అమ్మ ఆ మాటే చెప్పింది. కేసు గెలిచాం. అతనికి జరిమానా పడింది. మళ్లీ పట్టు వచ్చింది, మగ్గం ఆడింది.

అప్పటి నుంచి నాయన మగ్గం గుంతలోంచి లేవగానే మిగిలిన జరీ కండెలు తెచ్చి అమ్మ ముందు పెట్టేవాడు. "నాకు చూపియ్యొద్దు," అని అమ్మ ఏడ్చేది.

"చూడు," అనేవాడు. ఆమె చూసేదాకా అన్నానికి కూర్చునేవాడు కాదు.