గారేజీలో వడ్డించిన భోజనం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. ఈ సంగతి నేను కోపంతోనే చెబుతాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

నా చిన్నప్పుడు కెనడాలో, విండ్సర్‌లో మా పక్కింట్లో ఒక గ్రీకు మామ్మ ఉండేది. ఆవిడకో చిన్న కుక్క. వాళ్ళ దేశంలో ఆ జాతిని కొకోని అంటారట. మా అమ్మ కూరగాయల బుట్టలో పట్టేంత ఉండేది. తేనె రంగు జుట్టు, వీపు మీదికి చుట్టుకున్న తోక. ఏనాటి నుంచో ఇవి మా ఇళ్ళలోనే పెరుగుతున్నాయి, కాపలాకు కాదు తోడుకు, అని మామ్మ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది. ఆవిడ పెట్టిన పేరు మాకు నోరు తిరగక బుజ్జి అనేవాళ్ళం.

మామ్మకు తుంటి ఎముక విరిగి, ముసలివాళ్ళను చూసుకునే హోముకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ కుక్కలను రానివ్వరు. బుజ్జిని మా నాన్న చేతుల్లో పెట్టి ఆవిడ ఒకటే అడిగింది, దీన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి అని. నాన్న గుండె మీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

చలికాలం దాకా మాట మీద నిలబడ్డాడు. అప్పుడు మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టే వంతు వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగువాళ్ళం నెలకొక ఇంట్లో కలిసేవాళ్ళం. వంటింట్లో కుక్క తిరిగే ఇంట్లో భోజనం ఎలా చేస్తామని ఎవరో ఫోన్లో అన్నారట. అంతే, నాన్న బుజ్జిని తీసుకెళ్ళి గారేజీలో కట్టేశాడు. ఇక్కడ చలేం ఉండదు, మన ఊళ్ళో కుక్కలు అరుగు కింద పడుకోవా, దీనికేం మహారాణీ భోగమా అన్నాడు. మన ఊళ్ళో అరుగు కింద నీళ్ళు గడ్డకడతాయా? ఆ మాత్రం ఆయనకు తట్టలేదు.

పాపం, అది మొరగనైనా మొరగలేదు. మొరిగితే వీధివాళ్ళైనా వినేవారు. ముందు తిండి మానేసింది, తర్వాత లేవడం మానేసింది. నేను తలుపులు బాదాను, కంచం తోసేశాను, మాటిచ్చావు కదా నాన్నా, యూ ప్రామిస్డ్ అని గొంతు పోయేలా అరిచాను. నేను అరిచినకొద్దీ ఆయన మొండికేశాడు. అమ్మ మాత్రం పెదవి విప్పలేదు. దాంతో ఆవిడ మీద కూడా ఒళ్ళు మండిపోయింది నాకు.

కూడిక రోజు అమ్మ చేపలు గారేజీలో వేయించింది. మనవాళ్ళందరికీ అది అలవాటే కదా, ఇంట్లో వేయిస్తే కోట్లకు వాసన పడుతుందని గారేజీలో ఇంకో పొయ్యి పెట్టుకుంటారు. అందరూ వచ్చారు, గుమ్మం దగ్గర బూట్లు విప్పారు, పాటలు పాడారు, ప్రార్థన అయింది. భోజనానికి లేచి చూస్తే బల్ల మీద ఒక్క గిన్నె లేదు. అమ్మ గారేజీ తలుపు తెరిచి, రండి అంది. పొయ్యి ఎప్పుడో ఆర్పేసింది. అందరూ సాక్సులతోనే ఆ సిమెంటు నేల మీదికి దిగారు.

పాస్టరు గారి భార్య ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుని, "ఇదేమిటమ్మా, ఇక్కడ పెట్టావు?" అంది.

"ఇక్కడ చలేం ఉండదండీ అమ్మగారూ, మా ఆయనే చెప్పారు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆ మూలన చూడండి. అంత చిన్న ప్రాణి ఇన్ని రోజులు ఓర్చుకుంటే, మనం ఒక్క పూట ఓర్చుకోలేమా? ఏవండీ, ముందు మీరు కూర్చోండి."

బుజ్జి పక్కనే చాప వేసింది. నాన్న కూర్చున్నాడు. అందరి ముందూ ఏం చేస్తాడు? ముద్ద కలిపేలోపే అన్నం మీద నెయ్యి గడ్డకట్టింది. "బావగారూ, మీ ఇంట్లో ఫ్రిజ్జు దండగండీ," అన్నాడు ఒకాయన.

బుజ్జి తల ఎత్తలేకపోయింది గానీ, నాన్నను చూసి తోక ఆడించింది. తనను కట్టేసిన మనిషిని చూసి! నాన్న ముద్ద వదిలేసి లేచాడు. ఎడం చేత్తో ముడి విప్పి, దాన్ని స్వెట్టర్‌లో దూర్చుకుని, అందరి మధ్య నుంచి లోపలికి నడిచి హీటర్ పక్కన కూర్చున్నాడు. వెనకే గిన్నెలూ లోపలికి వచ్చాయి. ఫోన్లో ఆ మాట అన్నావిడ ఎవరో ఆ రోజే తెలిసింది. ఆవిడే బుజ్జి ఎదురుగా కూర్చుని రెండోసారి చేప ముక్కలు వడ్డించుకుంది.

గిన్నెలు కడుగుతూ అమ్మ నాతో అంది: "నువ్వు అరిస్తే మీ నాన్న నీ నోరే చూశాడే. కుక్కను చూడలేదు."

బుజ్జి చాలా ఏళ్ళు బతికింది. కానీ గారేజీ తలుపు చప్పుడైతే చాలు, చివరిదాకా మంచం కింద దూరేది. నా కోపం చల్లారకపోవడానికి అదే కారణం. అయితే ఆ రోజు నుంచి నేను అరవడం మానేశాను. ఎవరైనా తమ మాట తప్పి, కష్టం ఇంకొకరి నెత్తిన పెట్టి, వాళ్ళకేం బాగానే ఉన్నారులే అంటే, అయితే పదండి, అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం అంటాను. చాలామంది రారు. వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ ఆ మాట అనరు.

ఇంత ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు ఎప్పుడూ వెచ్చగా ఉండాలి. మిమ్మల్ని నమ్మి మీ గడప దాటి వచ్చిన ఏ ప్రాణికీ మీ ఇంట చలి తగలకూడదు.