వంతు కోసం ఆగే పిల్లగాడు

ఆదివారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, మా మనవరాలి పెళ్లిచూపులకు కార్వాన్ నుంచి ఒక పిల్లగాడు తల్లి, మేనమామతో ఉప్పుగూడలోని మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ముగ్గురిని మనవరాలు వద్దన్నది. ఇదీ తప్పితే ఇక సంబంధాలు వెతకనని నా కొడుకు చెప్పేశాడు.

ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా నోరు తెరవకపోవడం ఆ పిల్లగాడి అలవాటు. మా ఇంట్లో ఎవరి మాటా పూర్తి కాదు. అరగంట చూసి, మూగవాడేమో అనుకున్నాను.

చివరికి మనవరాలే అడిగింది. "మీరు రాక్షసులతోని కొట్లాడే వీడియో గేములు ఆడ్తరట. ఎసొంటివి?"

"జపానోళ్లవి. కథ ముందే రాసి ఉంటది, దోస్తులు వెంట వస్తరు. కొట్లాటల గూడ ఒకరి వంతు అయినంకనే ఇంకొకరి వంతు."

"నేను విలాయతివి, అమెరికోళ్లవి ఆడ్త. నా మొహం నేనే తయారు చేసుకుంట, నాకు నచ్చిన తొవ్వల పోత. ఎవ్వరి కోసం ఆగ."

మా కోడలు తల పట్టుకుంది. నేను ఉన్నమాట చెప్పేశాను. "బిడ్డా, ఈ పిల్ల దగ్గర నీ వంతు ఎన్నటికీ రాదు."

నేను ఇంకేమైనా అంటానేమోనని అతను కాసేపు చూశాడు. "రాకున్నా ఫికర్ లేదవ్వా. ఆమె ఆడుతుంటే పక్కన కూసొని చూస్త. ఆ తొవ్వలు నేనెప్పుడు పోలే."

మనవరాలు ఏదో అనబోయి ఆగింది. "ఇంకా చెప్పున్రి, వింట" అన్నది.

ఆ రోజు అక్కడున్నది నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు, ఆ పిల్లగాడు, అతని తల్లి, మేనమామ. అతను చెప్పడం పూర్తయ్యేదాకా మిగతా ఆరుగురిలో ఒక్కరూ అడ్డు రాలేదు.