నిదానపు క్యాసెట్టు

ఆ రోజు బ్యాటరీలు అయిపోతాయని నేను అబద్ధమాడాను. హిందూపురంలో రైలెక్కి నా పక్కన కూర్చున్న ధర్మవరం నేతగాడు ఏం వింటున్నారని అడిగితే, ఒకే సింఫనీని ఇద్దరు కండక్టర్లు తమ వాద్యబృందాలతో వాయింపజేసిన రెండు క్యాసెట్లు వాక్‌మన్‌లో వినిపించాను. వేగంగా సాగేదే గొప్పదని నా నమ్మకం.

"ఈయప్ప బిరబిరా నేసేస్తాండాడు సార్. ఆయప్ప పోగు తెగితే నిలబడి, అతికి, మళ్లా నేస్తాండాడు. ఆయప్పదే ఇంకొంచెం విననీ సార్" అన్నాడు.

పదేళ్లుగా వింటున్న నాకు ఆ ఆగడం ఒక్కసారీ వినిపించలేదు. అసూయతో పెనుకొండలోనే ఆ అబద్ధం చెప్పి వాక్‌మన్ తీసేసుకున్నాను. ధర్మవరం దాకా ఆయన వేళ్లు మోకాలి మీద ఆ నిదానపు లయనే వేస్తూ వచ్చాయి.

తర్వాత ఆ రైల్లో ఎన్నిసార్లు వెతికినా ఆయన కనబడలేదు. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు ఎవరడిగినా ఆ నిదానపు క్యాసెట్టే ఇస్తాను. అది పూర్తయ్యేదాకా వాక్‌మన్ కోసం చెయ్యి చాచను.